పద్నాలుగు రోజుల మందు, పది రోజుల సైటు

వైవాక్స్ రకం మలేరియాకు మందులు రెండు. క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు. మొదటి మందుకే జ్వరం దిగిపోతుంది, ఒళ్లు తేలికపడుతుంది, మనిషి లేచి పనికి పోతాడు. కానీ కాలేయంలో దాక్కున్న క్రిమి చావాలంటే రెండో మందు పూర్తిగా మింగాల్సిందే. మధ్యలో ఆపేస్తే కొన్ని వారాలకో, నెలలకో జ్వరం తిరగబెడుతుంది. అప్పుడు అతన్ని కుట్టిన దోమ పక్కవాళ్లకు అంటిస్తుంది.

విశాఖలో మధురవాడ, కొమ్మాది, గాజువాక వైపు లేస్తున్న అపార్ట్‌మెంట్లలో సెంట్రింగ్ పనికి, స్లాబు పనికి ఒడిశా నుంచి వచ్చే ముఠా ఒక సైటులో 14 రోజులు ఉంటుందన్న గ్యారంటీ లేదు. పదో రోజున మేస్త్రి ఫోన్ చేసి అనకాపల్లి రమ్మంటే మూటాముల్లె సర్దుకుని అందరూ వెళ్లిపోతారు. జ్వరం తగ్గినవాడు మిగిలిన బిళ్లలు షెడ్డులోనే వదిలేస్తాడు. ఇందులో డాక్టరు తప్పు లేదు, ల్యాబు తప్పు లేదు, మందు తప్పు అసలే లేదు. ఆ చివరి 4 రోజులు అతని వెంట ఉండే మనిషి లేకపోవడమే లోటు. మేస్త్రి నంబరు తెలిసిన మనిషి కావాలి. ముఠా ఎక్కడ దిగిందో ఫోన్‌లో కనుక్కోగల మనిషి కావాలి. ఇంకా నాలుగు రోజుల బిళ్లలున్నాయి కదా, మింగావా అని ఒడియాలో అడగగల మనిషి కావాలి.

అలాంటివాళ్లు విశాఖలో ఉన్నారు. ఆ షెడ్లలోనే పెరిగి, ఇక్కడి బడుల్లో తెలుగు నేర్చుకుని, ఇప్పుడు పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో ఏం చదవాలా అని చూస్తున్న వలస కుటుంబాల పిల్లలు. ఇంటి గుమ్మం దాకా వెళ్లే ఆరోగ్య సేవ, అంటే కమ్యూనిటీ హెల్త్, వాళ్లకు గౌరవమైన బతుకుతెరువు కాగలదు. వాళ్లు ఆ రంగానికి ఇప్పుడు లేని బలం కాగలరు. అయినా ఈ రెండూ కలవడం లేదు. ఎందుకు కలవడం లేదన్నది కొంత లెక్కల్లో, కొంత నియమాల్లో, కొంత మన చూపులో ఉంది.

నిజానికి విశాఖ వచ్చినవాళ్లతో పెరిగిన ఊరు. 1933లో ఓడరేవు తెరిచారు. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఒక్కోసారి ఒక్కో అల వచ్చి ఊరు పెరిగింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, మన్యం నుంచి, ఒడిశాలోని కొరాపుట్, గజపతి, గంజాం నుంచి జనం వచ్చారు. బర్మాలో స్థిరపడిన తెలుగువాళ్లు 1962 సైనిక తిరుగుబాటు తర్వాత అక్కడ ఉండలేక తిరిగొస్తే, కొందరు కంచరపాలెం ప్రాంతంలో దిగారు. ఆ చోటును ఇప్పటికీ బర్మా క్యాంపు అనే పిలుస్తారు. ఉత్తరాంధ్ర మత్స్యకారులేమో గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయి పడవల మీద పని చేస్తున్నారు. పంపడమూ రానివ్వడమూ రెండూ తెలిసిన ఊరు ఇది. 1923లో మొదలైన కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) ఒడిశా సరిహద్దు నుంచి రోగులు రావడం కూడా ఎవరికీ కొత్త కాదు.

అయితే వలస అంతా ఒకటే కాదు. సోంపేట నుంచో, పలాస నుంచో వచ్చిన అబ్బాయికి భాష సమస్య లేదు, స్థానికత సమస్య లేదు. అద్దె, హాస్టలు ఫీజు, ఇంటికి పంపాల్సిన డబ్బు, ఇవే అతని టెన్షన్. పాడేరు పైనుంచి వచ్చిన ఆదివాసీ అమ్మాయి ఇంట్లో కువియో, కోటియా ఒడియానో మాట్లాడుతుంది. తెలుగు ఆమెకు బడి భాష. అయినా రాష్ట్రం ఇదే కాబట్టి ఆమె రిజర్వేషన్ ఆమెతోనే ఉంటుంది. రాష్ట్రం హద్దు దాటి వచ్చిన కుటుంబం పిల్లల కథ వేరు. కాగితాలన్నీ వెనక ఊళ్లో, బతుకంతా ఈ ఊళ్లో. ఎక్కువ చిక్కులు వాళ్లకే కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ మాట వాళ్ల గురించే.

ముందు లెక్కల సంగతి. ప్రజారోగ్యం అంటే పెద్దాసుపత్రి కాదు. వీధిలో ఎన్ని ఇళ్లున్నాయి, ఎవరు గర్భిణి, ఎవరికి టీకా తప్పింది, ఎవరు రెండు వారాలుగా దగ్గుతున్నారు, ఇవన్నీ ముందే తెలిసి ఉండటం. దేశంలో ఈ పనికి మనుషుల్ని పెట్టే ప్రయత్నం 1977లో గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలతో మొదలైంది. మరుసటి ఏడాది అల్మా అటాలో ప్రపంచ దేశాలు ఆరోగ్యం హక్కని, దానికి దారి ప్రాథమిక ఆరోగ్య సేవలని ఒప్పుకున్నాయి. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు వచ్చారు, 2013లో అదే ఏర్పాటు పట్టణాలకూ వచ్చింది. పట్టణంలో సుమారు 50,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 10,000 మందికి ఒక ఏఎన్ఎం (టీకాలు, గర్భిణుల పరీక్షలు చూసే నర్సు), 200 నుంచి 500 ఇళ్లకు ఒక ఆశా ఉండాలన్నది లెక్క.

ఈ లెక్కలో కొలమానం ఇల్లు. కట్టుబడి సైటు వెనక రేకులతో వేసిన వరసలకు డోర్ నంబరు ఉండదు. బిల్డింగు పూర్తయ్యాక ఆ డోర్ నంబర్లు కొన్నవాళ్లకు వస్తాయి, కట్టినవాళ్లకు రావు. సచివాలయం సర్వేలో రేషన్ కార్డు ఉన్న కుటుంబం కనిపించినంత సులువుగా షెడ్డులో ఉన్న కుటుంబం కనిపించదు. లెక్కలో లేనివాళ్ల కోసం ఎవరూ పోస్టు మంజూరు చేయరు. పోస్టు లేదు కాబట్టి అక్కడికి వెళ్లేవాళ్లు ఉండరు, వెళ్లేవాళ్లు లేరు కాబట్టి లెక్క ఎప్పటికీ తేలదు. ఈ వలయం ఎక్కడో ఒకచోట తెగాలి.

వేళల సంగతి కూడా ఉంది. మన రాష్ట్రంలో టీకాలు బుధ, శనివారాల్లో వేస్తారు. ఆ వేళకు తల్లీతండ్రీ ఇద్దరూ తట్టలు మోస్తూ ఉంటారు. ఆశా వచ్చే పదకొండు గంటలకు షెడ్డుకు తాళం. సాయంత్రం ఆరున్నర దాటాక పొయ్యిలు వెలిగించిన తర్వాత వెళ్తే అందరూ దొరుకుతారు. కానీ ఆ వేళకు ఆశాకు తన ఇల్లూ, తన పొయ్యీ ఉంటాయి. ఆమెను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆశా గౌరవ వేతనం 2019లో నెలకు 10,000 రూపాయలు చేశారు. ఆ డబ్బుకు ఆమె ఇప్పటికే మోయగలిగినంత మోస్తోంది.

ఇక జబ్బు దాచుకోవడం. క్షయ వ్యాధికి మామూలు చికిత్స 6 నెలలు. ఆ 6 నెలలూ పోషకాహారం కోసం రోగి బ్యాంకు ఖాతాలో డబ్బు పడుతుంది. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలై, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలైంది. రోగి ఏ రాష్ట్రానికి వెళ్లినా అదే నంబరుతో మందులు కొనసాగించే ఏర్పాటు నిక్షయ్ పోర్టల్‌లో ఉంది. కాగితం మీద ఇంత మంచి ఏర్పాటు మరొకటి ఉండదేమో. కానీ షెడ్డులో దగ్గు బయటపడితే మేస్త్రి ఊరికి పంపేస్తాడన్న భయం ముందు ఆ 1,000 రూపాయలు ఎంత? రోజు కూలీ పోతుంది, అడ్వాన్సు అప్పుగా మిగులుతుంది. అందుకే కళ్లె పరీక్షకు రమ్మంటే దగ్గు తగ్గిపోయిందంటాడు. వెళ్లిపోయేటప్పుడు ఎక్కడికన్నది చెప్పడు.

జ్వరాన్ని ఒడియాలో జర అంటారు. ఆ మాట ఎవరైనా ఒక పూటలో నేర్చుకోవచ్చు. ఎన్ని రోజులుగా అని అడిగినప్పుడు ఆ మనిషి ఎందుకు అబద్ధం చెబుతున్నాడో పసిగట్టడం మాత్రం ఒక పూటలో రాదు. అడ్వాన్సు ఎంత తీసుకున్నాడో, మేస్త్రి అతనికి ఏమవుతాడో, పండక్కి ఊరికి ఎప్పుడు పోతాడో తెలిసినవాళ్లకే అది తెలుస్తుంది. వలస కుటుంబంలో పెరిగిన యువతకు ఈ జ్ఞానం పుట్టుకతో వచ్చింది. దాన్ని అర్హతగా లెక్కించే గడి ఏ దరఖాస్తు ఫారంలోనూ లేదు.

కొత్తగా అడిగే మాటేమీ కాదిది. మన ఆరోగ్య వ్యవస్థ ఒకసారి ఈ జ్ఞానానికి విలువ కట్టింది. హెచ్ఐవీ నియంత్రణ కార్యక్రమంలో లారీ డ్రైవర్ల మధ్య, సెక్స్ వర్కర్ల మధ్య, వలస కూలీల మధ్య పని చేయడానికి ఆ గుంపుల్లోంచే పీర్ ఎడ్యుకేటర్లను తీసుకున్నారు. వాళ్లలో ఒకరై ఉండటమే అక్కడ మొదటి అర్హత. ఆంధ్రప్రదేశ్ ఆ పనిలో దేశంలోనే ముందున్న రాష్ట్రాల్లో ఒకటి. పోలియో విషయంలోనూ ఇటుక బట్టీలు, కట్టుబడి సైట్లు, సంచార గుడారాలు విడిగా జాబితా కట్టి వెతికి మరీ చుక్కలు వేశారు. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో కేసు రాలేదు, 2014 మార్చిలో ధ్రువపత్రం వచ్చింది. జబ్బు భయపెట్టినప్పుడు వ్యవస్థ వలసవాడి గుమ్మం దాకా వెళ్లగలిగింది. భయం తగ్గాక ఆ జాబితాలు, ఆ మనుషులు మామూలు ఆరోగ్య సేవలోకి పూర్తిగా చేరలేదు. పీర్ ఎడ్యుకేటర్లు చాలామందికి ప్రాజెక్టుతోపాటే పని ముగిసింది. వాళ్లు ఏఎన్ఎంలుగానో, ల్యాబ్ టెక్నీషియన్లుగానో ఎదిగే మెట్టు ఎవరూ కట్టలేదు. ఇక్కడే పెద్ద తప్పు జరిగిందని చెప్పాలి.

ఇప్పుడు ఒక అమ్మాయిని ఊహించుకుందాం. గజపతి జిల్లా నుంచి ఆరేళ్ల వయసులో తల్లిదండ్రులతో వచ్చింది. మధురవాడ దగ్గర పెరిగింది. ఒడియా, తెలుగు, హిందీ మూడూ వచ్చు. ఇంటర్ పూర్తయింది. కమ్యూనిటీ హెల్త్‌లో పని చేయాలని ఉంది.

అందరూ మొదట చెప్పేది ఆశా. కానీ ఆశా నియమాల ప్రకారం ఆమె ఆ ప్రాంతంలో నివసించే మహిళ అయి ఉండాలి, పెళ్లయినవాళ్లకో, భర్త లేనివాళ్లకో ప్రాధాన్యం, వయసు 25 నుంచి 45 మధ్య ఉంటే మేలు. పెళ్లికాని అమ్మాయి పెళ్లయ్యాక వేరే ఊరు వెళ్లిపోతుందన్న ఆలోచనతో పల్లెల కోసం పెట్టిన నియమం అది, పల్లెకు అది సబబే. పద్దెనిమిదేళ్ల పట్నం పిల్లకు మాత్రం ఆ తలుపు ఏడేళ్లు మూసి ఉన్నట్టే. పైగా ఆశా ఇంకా గౌరవ వేతనం పనే. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం గ్రాట్యుటీ, 62 ఏళ్ల వరకు పని, 180 రోజుల వేతనంతో కూడిన ప్రసూతి సెలవు ప్రకటించడం మంచి అడుగు. అయినా మూడు భాషలు వచ్చిన అమ్మాయి ఆశాతో ఆగిపోవాల్సిన పని లేదు.

ఆమెకు గట్టి దారి ఏఎన్ఎం, నర్సింగ్ వైపు ఉంది. ఇంటర్‌లోనే ఒకేషనల్ ఎంపీహెచ్‌డబ్ల్యూ (ఆరోగ్య కార్యకర్త) కోర్సు చేసి, తర్వాత ఏడాది పాటు ఆసుపత్రిలో క్లినికల్ శిక్షణ పూర్తిచేసినా, ఇంటర్ తర్వాత రెండేళ్ల ఏఎన్ఎం చేసినా నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ వస్తుంది. నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్ఎం 3 ఏళ్లు, బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్లు. నర్సింగ్ చదివి కమ్యూనిటీ హెల్త్ శిక్షణ ఉన్నవాళ్లు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో ఎంఎల్‌హెచ్‌పీలుగా (మధ్యస్థాయి ఆరోగ్య సేవకులుగా) పని చేస్తున్నారు. బీపీ, షుగర్ చూడటం నుంచి గర్భిణుల పరీక్షల దాకా వాళ్లే మొదటి మెట్టు. 2019 అక్టోబరులో సచివాలయాలు వచ్చాక ఏఎన్ఎంలకు వార్డు స్థాయిలో పోస్టులు ఏర్పడ్డాయి. అబ్బాయిలకు దారులు తక్కువ. మేల్ హెల్త్ అసిస్టెంటు, ల్యాబ్ టెక్నీషియన్, శానిటరీ ఇన్‌స్పెక్టర్ లాంటివే ఎక్కువ. మగ కూలీలే ఎక్కువగా ఉండే షెడ్లలోకి రాత్రిపూట వెళ్లగలిగేది అబ్బాయిలే అయినా, వాళ్ల కోసం పోస్టులు తక్కువగా ఉండటం ఈ ఏర్పాటులో పెద్ద వెలితి.

చదువుకున్న కుటుంబాల పిల్లలు ఈ రంగం అనగానే ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) అంటారు. రెండేళ్ల పీజీ, ఎంబీబీఎస్ లేకపోయినా చేయొచ్చు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ, తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ దీనికి పేరున్నవి. అంకెలు చదవడం, జబ్బు ఎలా పాకుతుందో లెక్కగట్టడం అక్కడ నేర్పుతారు. కానీ ఈ చదువును తప్పనిసరి అర్హతగా అడిగే శాశ్వత ప్రభుత్వ పోస్టులు తక్కువ. తమిళనాడుకు 1939 నుంచే ప్రజారోగ్య చట్టం ఉంది, ప్రత్యేక కేడర్ ఉంది. మిగతా రాష్ట్రాలూ అలాంటి కేడర్ పెట్టుకోవాలని కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి పూర్తిగా అమలయ్యేదాకా ఎంపీహెచ్ చేసినవాళ్లు ఎక్కువగా కాంట్రాక్టు పోస్టుల మీద, స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టుల మీద ఆధారపడాలి. ఇంటికి నెల నెలా డబ్బు పంపాల్సిన పిల్లకు డిగ్రీ తర్వాత నేరుగా ఎంపీహెచ్ అని సలహా ఇవ్వడం మంచిది కాదు. ముందు నర్సింగ్ రిజిస్ట్రేషన్ చేతిలో ఉండాలి. కొన్నేళ్లు వార్డులో తిరిగాక ఎంపీహెచ్ చేస్తే, ఆ చదువు కూడా ఆమెకు మరింత ఒంటబడుతుంది.

దారి ఇంత స్పష్టంగా ఉంటే చిక్కెక్కడ? కాగితాల దగ్గర. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలో, 1974లో రాజ్యాంగం 371డి అధికరణ కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం వృత్తి కోర్సుల్లో 85 శాతం సీట్లు స్థానికులకు. స్థానికత అంటే పుట్టుక కాదు, చదువు. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరసగా కనీసం నాలుగు విద్యాసంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండాలన్నది ప్రధాన నియమం. ఈ నియమం వలస పిల్లలకు శత్రువు కాదు. నిజానికి ఒడిశాలో పుట్టిన అమ్మాయి కూడా ఇక్కడ వరసగా చదివితే లోకల్ అయిపోతుంది. ఇంత ఉదారమైన నియమం ఉన్న సంగతి చాలా షెడ్లకు తెలియదు. సైటు మారినప్పుడల్లా బడి మారడం, ఒక్కోసారి ఏడాదంతా బడే లేకపోవడం వల్ల ఆ వరస తెగుతుంది. తీరా కౌన్సెలింగ్ రోజున స్టడీ సర్టిఫికెట్లు లెక్కపెడితే ఒకటి తక్కువ వస్తుంది.

కులధ్రువీకరణ సంగతి ఇంతకంటే కఠినం. సవరలు శ్రీకాకుళం, మన్యం కొండల్లోనూ ఉన్నారు, అవతల గజపతి కొండల్లోనూ ఉన్నారు. రెండు రాష్ట్రాల ఎస్టీ జాబితాల్లోనూ ఉన్నారు. అయినా గజపతి నుంచి వచ్చిన సవర అమ్మాయికి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర కోటా ఎస్టీ సీటు రాదు. ఎస్సీ, ఎస్టీ హోదా ఆయా రాష్ట్రానికి పరిమితమని, ఇష్టపూర్వకంగా వలస వెళ్తే కొత్త రాష్ట్రంలో అది చెల్లదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఆ కేసులో నష్టపోయింది తెనాలిలో పుట్టి, తొమ్మిదేళ్ల వయసులో తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి వెళ్లి, అక్కడ మెడికల్ సీటు అడిగిన ఒక తెలుగు గిరిజన విద్యార్థి. ఆనాడు మన పిల్లవాడికి అక్కడ జరిగిందే ఇవాళ వాళ్ల పిల్లకు ఇక్కడ జరుగుతోంది. వెనుకబాటుతనం ఆయా చోటును బట్టి ఉంటుందన్నది కోర్టు తర్కం. ఆ తర్కంలో బలం ఉంది. కానీ కొండ దిగి రేకుల షెడ్డుకు వచ్చినంత మాత్రాన ఎవరి వెనుకబాటుతనమూ తగ్గదు.

అయినా కొన్ని తలుపులు తెరిచే ఉంటాయి. సొంత రాష్ట్రం ఇచ్చిన ఎస్టీ ధ్రువపత్రం కేంద్ర సంస్థల్లో చెల్లుతుంది. ఎయిమ్స్ బీఎస్సీ నర్సింగ్ లాంటి అఖిల భారత ప్రవేశ పరీక్షలు అందుకే ఈ పిల్లలకు ముఖ్యం. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కూడా చదివే రాష్ట్రం కాకుండా సొంత రాష్ట్రం ఇస్తుంది. విశాఖలో చదువుతూ ఒడిశాకు దరఖాస్తు పెట్టుకోవాలి. తల్లిదండ్రులకు చదువు రాని ఇంట్లో ఈ సంగతి చెప్పేవాళ్లెవరు? కాలేజీ ఆఫీసులో గుమస్తా ఒక్క మాట చెబితే ఒక చదువు నిలబడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. వలస పిల్లల భాషను వాడుకోవడం ఇప్పటికే జరుగుతోంది, కాకపోతే జీతం లేకుండా. ఆసుపత్రి ఓపీలో తల్లి పక్కన పన్నెండేళ్ల కూతురు నిలబడి ఉంటుంది. ఆరోజు బడి మానేసి వచ్చింది. నెలసరి ఎప్పుడొచ్చింది, రక్తం ఎంత పోతోంది, కడుపు ఎన్నిసార్లు పోయింది అని డాక్టరు అడిగితే ఆ పిల్ల తల్లిని అడిగి తెలుగులో చెప్పాలి. కొన్ని మాటలు ఆ పిల్లకు అర్థం కావు, కొన్ని తల్లి కూతురితో చెప్పలేదు. తల్లి సిగ్గుపడి సగం దాచేస్తుంది, డాక్టరు ఆ సగంతోనే మందు రాస్తారు. ఇది వైద్యం దృష్ట్యా ప్రమాదం, ఆ పిల్ల మనసు దృష్ట్యా మరీ ప్రమాదం. దుబాసీ పనికి ఒక కుర్చీ, ఒక జీతం ఉంటే ఆ పిల్ల బడిలో ఉంటుంది. ఆ కుర్చీలో ఆమె అక్కలాంటి శిక్షణ పొందిన అమ్మాయి కూర్చుంటుంది.

అలాగని తమవాళ్ల మధ్య పని చేయడం తేలికేమీ కాదు. షెడ్డులో అందరూ అందరికీ తెలుసు. క్షయ వచ్చిందన్న సంగతి పక్క ఊరి ఏఎన్ఎంకు చెప్పినంత సులువుగా మేనమామ కూతురికి చెప్పలేరు. రహస్యం పొక్కితే పెళ్లి సంబంధాలే చెడతాయి. సైటులో నిలవ నీళ్ల తొట్టెలో దోమ లార్వా ఉందని ఆమె రిపోర్టు రాస్తే కాంట్రాక్టరు కోపం ఆమె నాన్న మీద పడుతుంది. ఒడియా వచ్చు కదా అని జీవితాంతం ఆమెను షెడ్లకే పరిమితం చేసి, పై పోస్టులకు వేరేవాళ్లను చూసే ప్రమాదమూ ఉంది. హెచ్ఐవీ కార్యక్రమంలో పీర్ ఎడ్యుకేటర్లకు జరిగిందదే. అందుకే శిక్షణలో రహస్యం కాపాడటం ఒక పాఠం కావాలి. తనవాళ్లున్న సైటు కాకుండా పక్క సైటు కేటాయించాలి, పదోన్నతికి గడువు రాసి ఉండాలి. ఈ మూడూ లేకుండా పెట్టే పథకం ఆ పిల్లల్ని వాడుకుని వదిలేస్తుంది.

మిగతాచోట్ల ఏం చేశారో కొంత చూడొచ్చు. అమెరికా 1962లో వలస వ్యవసాయ కూలీల ఆరోగ్యం కోసం ప్రత్యేక చట్టం చేసింది. అక్కడ స్పానిష్ మాట్లాడే వలస మహిళలే ప్రొమోతోరాలన్న పేరుతో ఇంటింటికీ తిరిగే కార్యకర్తలయ్యారు. కేరళ 2017లో వలస కార్మికులకు ఆవాజ్ బీమా, మలయాళం నేర్పే చంగాతి కార్యక్రమం మొదలుపెట్టింది. ఎర్నాకుళం జిల్లా బడుల్లో వలస పిల్లలకు వాళ్ల భాష వచ్చిన వాలంటీర్లను రోష్ని పేరుతో పెట్టారు.

విశాఖ కొత్త పథకం కోసం ఎదురుచూడాల్సిన పని కూడా లేదు. పట్టణ ఆరోగ్య మిషన్‌లో 50 నుంచి 100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి పెట్టుకోవచ్చు, దానికి ఏటా 5,000 రూపాయల నిధి ఉంటుంది. ఒక పెద్ద సైటు వెనక ఉన్న షెడ్ల వరసను 50 ఇళ్లుగా లెక్కగట్టి సమితి పెడితే, అక్కడి యువతి లెక్కలు రాసే మనిషి అవుతుంది. ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు, ఎవరి బిళ్లలు ఇంకా మిగిలాయి అన్నది ఒక నోటుపుస్తకంలోకి వస్తుంది. ఏఎన్ఎం పోస్టుల భర్తీలో సరిహద్దు భాష వచ్చినవాళ్లకు కొన్ని మార్కులు కలపడం దీని తర్వాతి మెట్టు. ప్రమాదాల వేళ కూడా ఈ మనుషులే దిక్కు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరిన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. అలాంటి రాత్రి తడిగుడ్డ ముక్కుకు కట్టుకోమని, ఇటు కాకుండా అటు పరుగెత్తమని చెప్పే మాట అర్థం కావడమే మొదటి వైద్యం. పరవాడ, అచ్యుతాపురం ఫ్యాక్టరీల చుట్టూ ఎన్ని భాషలవాళ్లు పడుకుంటున్నారో తెలిసినవాళ్లకు ఆ మాట విలువ తెలుసు.

ఇవన్నీ ప్రభుత్వం చేయాల్సినవి. కుటుంబమూ, బడీ చేయగలిగింది ఇంకొకటి ఉంది. నర్సింగ్ వైపు వెళ్లాలనుకునే పిల్లకు స్థానికత లెక్కలోకి వచ్చే నాలుగేళ్లు తొమ్మిది, పది, ఇంటర్ మొదటి ఏడాది, రెండో ఏడాది. తల్లిదండ్రులు బరంపురం పనికి పోయినా, భువనేశ్వర్ పోయినా ఆ నాలుగేళ్లు ఆమె ఇక్కడే ఉండగలిగితే చాలు. బడి మానేసిన, మానేసే ప్రమాదం ఉన్న ఆడపిల్లల కోసమే ఉన్న కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో మన రాష్ట్రంలో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఉచితంగా ఉండి చదువుకోవచ్చు. ఎనిమిదో తరగతి అయిపోతున్న వేసవిలో షెడ్డు దగ్గరికి వెళ్లే ఆశాయో, టీచరో ఆ తల్లికి ఈ సంగతి చెప్పాలి. జూన్‌లో బళ్లు తెరిచే లోపు టీసీ తెచ్చుకోమనాలి.